కూర్చుని తింటే కండలూ కరుగుతవి

"కూర్చుని తింటే కొండలైనా కరుగుతా"యని తెలుగువారి సామెత. ఇది పుట్టినది ఆస్తిపాస్తులను గురించి. తాతలు కూడబెట్టిన భూములు, తోటలు సంపాదన లేని మనుమల చేతిలో ఎట్లా హరించుకుపోతవో కళ్లారా చూచినవారి అనుభవం ఆ మాటలో ఉన్నది. అయితే దేహానికి సంబంధించిన ఒక యథార్థాన్ని కూడ ఆ సామెత తెలియకుండానే చెప్పినది. మనిషి శరీరంలోని కండ కూడ ఒక ఆస్తియే. అది యౌవనంలో కూడబెట్టుకొన్నది, వార్ధక్యంలో ఖర్చుకు వచ్చేది. కూర్చుని తింటే అదీ కరుగుతుంది. కొండకూ కండకూ తెలుగులో ఒక్క గుణింతమే భేదం.

నేడు తెలుగునాట ఏ మధ్యతరగతి ఇంటిలోనైనా కనబడే దృశ్యం ఒకటి ఉన్నది. డెబ్బది అయిదేళ్ల పెద్దాయన వసారాలో పడకకుర్చీలో కూర్చుని ఉంటాడు. ఉద్యోగం చేసిన రోజులలో మైళ్లకొలది సైకిలు తొక్కిన మనిషి. ఇప్పుడు కుర్చీలో నుండి లేవవలెనంటే రెండు చేతులూ ఆనించి, ఒకసారి ముందుకు ఊగి, "రామా" అని లేవవలసి వస్తున్నది. మంచినీళ్లకు లేవబోతే కోడలు పరుగున వచ్చి, "మీరు కూర్చోండి మామయ్యగారూ, నేను తెస్తాను" అంటుంది. సంచి పట్టుకొని కూరలకు బయలుదేరితే మనుమడు ఆ సంచి అందుకొంటాడు. చెట్లకు నీళ్లు పోయబోతే పనిమనిషి చెంబు తీసుకొంటుంది. అందరిదీ ప్రేమయే, అందరిదీ మర్యాదయే. ఆయన తల వైపు గూటిలో మాత్రం ఒక పెద్ద డబ్బా ఉంటుంది. అమెరికాలోని కుమారుడు పంపినదో, హైదరాబాదులోని కుమార్తె తెచ్చినదో అయిన ప్రోటీన్ పొడి అది. రోజూ ఉదయం రెండు చెంచాలు పాలలో కలిపి ఆయనకు ఇస్తారు. కండ తిరిగి రావలెనని వారి ఆశ.

ఆ ఆశ ఎంతవరకు నెరవేరుతుంది? పొడితో కండ వస్తుందా? ఈ ప్రశ్న ఒక్క ఇంటిది కాదు. 2011 జనాభా లెక్కల నాటికే మన దేశంలో అరువదేళ్లు దాటినవారు పదికోట్లకు పైబడి ఉన్నారు. ఆ తరువాత వారి సంఖ్య పెరుగుతూనే ఉన్నది. ఆయువు పెరిగినది. ఆ పెరిగిన ఏళ్లను సొంత కాళ్ల మీద నిలబడి గడపడమా, ఒకరి భుజం ఆసరాతో గడపడమా అన్నది కండను బట్టి ఉంటుంది.

వయసు మీరినకొద్దీ కండ తగ్గుతుందని ఎవరికి తెలియదు? తెలిసిన సంగతి కనుకనే వైద్యశాస్త్రం కూడ దానిని చాలకాలం పట్టించుకోలేదు. 1988లో అమెరికాలోని ఆల్బుకర్కీ నగరంలో జరిగిన ఒక సభలో అర్విన్ రోజెన్‌బర్గ్ అనే పోషకాహార శాస్త్రజ్ఞుడు ఈ ఉపేక్షను ఎత్తి చూపినాడు. వయసుతో వచ్చే మార్పులలో ఇంత ప్రస్ఫుటమైనది మరొకటి లేకపోయినా దీనిని ఎవరూ పట్టించుకోకపోవడానికి కారణం దీనికి పేరు లేకపోవడమే కావచ్చునని ఆయన భావించినాడు. గ్రీకు భాషలో మాంసమనే అర్థం గల "సార్క్స్" శబ్దాన్ని, లేమి అనే అర్థం గల "పీనియా" శబ్దాన్ని కలిపి "సార్కోపీనియా" అని పేరు పెట్టినాడు. తెలుగులో చెప్పుకొంటే కండలేమి. పేరు పెట్టిన తరువాత పరిశోధనలు పెరిగినవి. 2016లో అమెరికా దేశపు వ్యాధుల పట్టికలో దీనికి ప్రత్యేక సంకేతం కూడ ఏర్పడినది. వయోధర్మమని సరిపెట్టుకొన్నది చికిత్సకు లొంగే అవస్థగా గుర్తింపు పొందినది.

ముప్పది ఏళ్లు దాటిన తరువాత దశాబ్దానికి నూటికి 3 మొదలు 8 పాళ్ల వరకు కండ తగ్గుతుందని శాస్త్రజ్ఞుల అంచనా. అరువది దాటిన పిమ్మట ఈ తరుగుదల వేగం పుంజుకొంటుంది. ఇంకొక విశేషమేమంటే కండ తగ్గిన దానికంటె బలం ఎక్కువగా తగ్గుతుంది. అందువల్లనే తూకంలో పెద్ద మార్పు లేకపోయినా మెట్లు ఎక్కడం కష్టమవుతుంది. కరిగిన కండ స్థానంలో కొవ్వు చేరినప్పుడు తూకం మారనే మారదు. చూచేవారికి మనిషి నిండుగానే కనబడతాడు. లోపలి లేమి బయటకు తెలియదు.

కండ పని బరువులెత్తడం మాత్రమే కాదు. తిన్న అన్నంలోని చక్కెరలో అధికభాగాన్ని తీసుకొని దాచుకొనేది కండయే. అది తగ్గితే మధుమేహం అదుపు తప్పుతుంది. జబ్బు చేసి తిండి సయించని రోజులలో శరీరం తన మరమ్మతులకు కావలసిన సరుకును కండను కరిగించియే తెచ్చుకొంటుంది. కాలు జారినప్పుడు క్షణంలో మనిషిని నిలబెట్టేదీ అదే. స్నానాలగదిలో జారిపడి తుంటి ఎముక విరిగిన పెద్దలలో చాలమంది మళ్లీ మునుపటివలె నడవలేకపోవడం అందరూ ఎరిగినదే. ఆ ప్రమాదానికి తడినేలను తప్పు పడతాము. నిలదొక్కుకోలేని కాళ్లను గురించి ఆలోచించము.

మరి పోయిన కండ తిరిగి వస్తుందా? రాదని ఒక తరం క్రిందటి వరకు వైద్యులే నమ్మినారు. ఆ నమ్మకాన్ని కదిలించిన పరిశోధన 1990లో వెలువడినది. అమెరికాలోని బోస్టన్ నగరంలో, వృద్ధుల కొరకు నడుపుతున్న ఒక వైద్యాలయంలో, మరియా ఫియాతరోనె అనే వైద్యురాలు, ఆమె సహచరులు కలిసి ఈ ప్రయత్నం చేసినారు. పదిమంది వృద్ధులు ముందుకు వచ్చినారు. వారిలో చిన్నవారికి 86 ఏళ్లు, పెద్దవారికి 96. ఎనిమిది వారాలపాటు వారిచేత కాళ్లతో బరువులు ఎత్తించినారు. బరువులంటే నామమాత్రపు బరువులు కావు. ఎవరి శక్తికి తగినట్లు వారికి, అయినా వారికి కష్టమనిపించేంత బరువు. శక్తి పెరిగినకొద్దీ బరువునూ పెంచినారు. చివరిదాకా నిలిచిన తొమ్మండుగురిలో కాళ్ల బలం సగటున నూటికి 174 పాళ్లు పెరిగినది. అంటే ఉన్న బలానికి రెండున్నర రెట్లు దాటినది. తొడలోని కండ కూడ నూటికి 9 పాళ్లు పెరిగినది. కర్ర లేనిదే నడవని ఇద్దరు కర్ర వదలిపెట్టినారు. శిక్షణ ఆపిన కొద్ది వారాలకే వచ్చిన బలంలో కొంత మళ్లీ తగ్గడం కూడ వారు గమనించినారు. తొంభయ్యో ఏట కూడ కండ పిలిస్తే పలుకుతుంది. అయితే పిలుపు ఆగకూడదు.

ఆ బృందమే 1994లో మరింత పెద్ద పరిశోధన ఫలితాన్ని ప్రకటించినది. తల వైపు గూటిలోని డబ్బాను గురించిన ప్రశ్నకు సమాధానం అందులో ఉన్నది. సగటున 87 ఏళ్ల వయసు గల నూరుమంది బలహీనులైన వృద్ధులను నాలుగు జట్లుగా విభజించినారు. ఒక జట్టుకు వ్యాయామం. ఒక జట్టుకు పోషకాలు కలిపిన పానీయం. ఒక జట్టుకు రెండూ. ఒక జట్టుకు రెండూ లేవు. పది వారాలు గడిచినవి. వ్యాయామం చేసినవారి బలం నూటికి 113 పాళ్లు పెరగగా చేయనివారి బలం 3 పాళ్లు మాత్రమే పెరిగినది. మెట్లెక్కే శక్తి, నడకవేగం వ్యాయామం చేసినవారిలోనే పెరిగినవి. వ్యాయామం లేకుండా పానీయం మాత్రమే త్రాగినవారికి చెప్పుకోదగిన లాభం ఏదీ కనబడలేదు. కారణం కూడ వారికి కొంతవరకు దొరికినది. కదలకుండా పానీయం త్రాగినవారు ఆ మేరకు భోజనం తగ్గించుకొన్నారు. వ్యాయామమూ చేసి పానీయమూ త్రాగినవారు మాత్రమే మొత్తం మీద మునుపటికంటె ఎక్కువ ఆహారం తీసుకొన్నారు. ఆకలి పనిని వెదుక్కొంటూ వస్తుందని వేరుగా చెప్పవలెనా?

ఆ పానీయంలో ప్రోటీన్ పాలు స్వల్పమేనన్న మాట నిజం. తరువాతి కాలంలో ఇంతకంటె ఎక్కువ ప్రోటీన్ ఇచ్చి చేసిన పరిశోధనలు అనేకం ఉన్నవి. వాటి సారాంశం కూడ ఈ దారిలోనే నడుస్తున్నది. వ్యాయామానికి ప్రోటీన్ తోడైతే కొంత అదనపు మేలు కలుగవచ్చును. వ్యాయామం లేని ప్రోటీన్ వల్ల కలిగే మేలు స్వల్పం, అదీ అనిశ్చితం. ఇల్లు కట్టే మేస్త్రీ రాకుండా వాకిట్లో ఇటుకలు ఎన్ని గుట్టలు పోసినా గోడ లేవదు. కండకు మేస్త్రీ శ్రమ. వాడుకకు మించి వచ్చిన ప్రోటీన్‌ను శరీరం కండగా దాచుకోలేదు. దానిని ఇంధనంగా మండించడమో, కొవ్వుగా మార్చడమో చేసి, మిగిలిన వ్యర్థాన్ని మూత్రపిండాల ద్వారా బయటకు పంపుతుంది.

అట్లాగని ఇటుకలు అక్కరలేదనడం కూడ పొరపాటే. ప్రోటీన్‌కు తెలుగులో మనవారు ఏర్పరచిన పదం "మాంసకృత్తులు". మాంసాన్ని చేసేవి అని దాని అర్థం. వృద్ధుల విషయంలో ఈ కృత్తుల అవసరం తగ్గదు సరికదా, పెరుగుతుంది. యువకుని శరీరం కొద్దిపాటి మాంసకృత్తులు అందగానే కండ నిర్మాణానికి పూనుకొంటుంది. ముసలితనంలో అదే పనికి మరింత ఎక్కువ మోతాదు కావలసి వస్తుంది. వినికిడి తగ్గినవారితో గొంతు పెంచి మాట్లాడినట్లే ఇదీ.

ఈ మోతాదు ఎంత? 1918లో కూనూరులో రాబర్ట్ మెకారిసన్ ప్రారంభించిన చిన్న పరిశోధనశాల 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయినది. ఆ సంస్థ 2020లో నిర్ణయించిన ప్రకారం వయోజనులకు దేహపు బరువు కిలో ఒక్కింటికి రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావలెను. అరువదియైదేళ్లు దాటినవారికి ఇది చాలదనీ, కిలోకు 1 గ్రాము మొదలు 1.2 గ్రాముల వరకు ఉండవలెననీ 2013లో ఒక అంతర్జాతీయ నిపుణుల బృందం సూచించినది. ఈ లెక్కన అరువది కిలోల మనిషికి రోజుకు 60 నుండి 72 గ్రాములు.

మన పెద్దల కంచంలో ఇంత ఉంటున్నదా? ఉదయం కాఫీ, రెండు ఇడ్లీలు. మధ్యాహ్నం పళ్లు లేవని కూరముక్క పక్కకు నెట్టి, పప్పు అరగదని మాని, ఇంత చారన్నం, ఇంత మజ్జిగన్నం. సాయంకాలం కాఫీ, రెండు బిస్కట్లు. రాత్రి కాస్త ఉప్మా. ఇవన్నీ కూడితే 30 గ్రాములు దాటడం కష్టం. కావలసిన దానిలో ఇది సగం. వృద్ధస్త్రీల సంగతి చెప్పనక్కరలేదు. ఒంటిపూట భోజనాలు, ఏకాదశులు, శనివారాలు, అందరూ తిన్నాక మిగిలిన దానితో సరిపెట్టుకొనే అలవాటు కలిసి వారి కండను ఏళ్ల తరబడి కరిగిస్తూ వచ్చినవి. పైగా స్త్రీకి యౌవనంలో కూడిన కండయే పురుషునికంటె తక్కువ. మూల ధనం తక్కువైనచోట తరుగు త్వరగా బయటపడుతుంది.

ఈ లోటు పూడ్చడానికి డబ్బాయే కావలెనన్న నియమం లేదు. అరువది గ్రాముల పెసలు నానబోసి పెసరట్లు పోస్తే సుమారు 14 గ్రాములు. వాటి తరువాత ఒక గ్లాసెడు పాలు త్రాగితే మరొక 6. మధ్యాహ్నం అన్నంలోకి నలువది గ్రాముల కందిపప్పు మెత్తగా ఉడికించి వేస్తే 9, ఆ అన్నంలో 7, చివర గడ్డ పెరుగు కప్పెడు వేసుకొంటే 4 లేక 5. సాయంకాలం ముప్పది గ్రాముల వేరుసెనగపప్పు వేయించి, పళ్లు లేనివారికి పొడిగొట్టి ఇస్తే 7. రాత్రి రెండు పుల్కాలు, వాటిలోకి గ్రుడ్డో పప్పో ఉంటే 12. పడుకొనేముందు పాలు మరొక 6. మొత్తం 65 దాటుతుంది. చేపలు, మాంసం తినేవారికి ఇంకా సులభం. వంద గ్రాముల చేపలో సుమారు 20 గ్రాములు ఉంటవి. బియ్యంలో కొరవడినది పప్పులోను, పప్పులో కొరవడినది బియ్యంలోను ఉండడం వల్ల మన పప్పన్నం ఒకదాని లోటును మరొకటి తీర్చే భోజనం. గమనించవలసినది ఒక్కటే. అంతా ఒక్క పూటలో తినక మూడు పూటలకూ పంచుకోవడం మంచిది.

డబ్బాకు చోటు లేదా అంటే, ఉన్నది. శస్త్రచికిత్స అయి కోలుకొంటున్నవారికి, జ్వరపడి లేచి అన్నం సయించనివారికి, నమలలేనివారికి, నాలుగు ముద్దలతో కడుపు నిండిపోయేవారికి అది అక్కరకు వస్తుంది. ఆ పొడులలో ప్రసిద్ధమైన వే ప్రోటీన్ మరేదో కాదు. పాలు విరిచి జున్నుగడ్డలు తయారుచేసేటప్పుడు వేరయ్యే తేటనీటి నుండి తీసినదే. అది మంచి మాంసకృత్తే గాని మహిమగల మందు కాదు. అరలో ఉన్న ప్రతి డబ్బా అదే అనుకోవడం కూడ తగదు. బలానికని అమ్మే కొన్ని పొడులలో మాంసకృత్తులకంటె చక్కెర ఎక్కువ. ఆన్‌లైన్ అంగళ్లు ఇటువంటి పానీయాలను "హెల్త్ డ్రింక్" అన్న శీర్షిక క్రింద అమ్మరాదని 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ సూచించవలసి వచ్చినది. మన ఆహార చట్టంలో ఆ మాటకు నిర్వచనమే లేదు. ఆ సంవత్సరమే జాతీయ పోషకాహార సంస్థ తన ఆహార సూత్రాలలో, కండలు పెంచడానికి ప్రోటీన్ పొడులను ఆశ్రయించవద్దని హితవు చెప్పినది.

మూత్రపిండాలు దెబ్బతిన్నవారి విషయం మరీ జాగ్రత్తగా చూడవలెను. అట్టివారికి అధిక ప్రోటీన్ హాని చేయగలదు. మధుమేహం, రక్తపుపోటు ఏళ్ల తరబడి ఉన్నవారిలో మూత్రపిండాల బలహీనత బయటపడకుండానే దాగి ఉంటుంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వంటి ప్రాంతాలలో ఆ వ్యాధి ఎన్ని కుటుంబాలను కుదిపినదో తెలుగువారికి తెలియనిది కాదు. కనుక దూరదేశం నుండి డబ్బా పంపే బిడ్డలు దానికి ముందుగా తండ్రికో తల్లికో రక్తపరీక్ష చేయించి వైద్యుని అడుగడం అవసరం.

ఇక మేస్త్రీ సంగతి. పూర్వం ఈ శ్రమ వేరుగా చేయవలసిన పని లేకపోయినది. నేలమీద కూర్చుని భోంచేసి లేవడం, నూతిలో చేద వేసి నీళ్లు తోడడం, రోట్లో పచ్చడి నూరడం, రోకలి వేయడం నిత్యకృత్యాలు. ఆ రోజులే మేలని అనడానికి వీలులేదు. ఆ చాకిరీ క్రింద నడుములు విరిగిన స్త్రీలు ఎందరో. పంపు వచ్చినది, మిక్సీ వచ్చినది, బల్ల వచ్చినది, మంచిదే. పోయిన శ్రమకు బదులు మరొకటి మాత్రం రాలేదు. దానికి తోడు ముసలితనమంటే "కృష్ణా రామా అనుకొంటూ ఒక మూల కూర్చోవడ"మని మన భాషలోనే ఉన్నది. పెద్దలు రాగానే లేచి కుర్చీ ఇవ్వడం మన మర్యాద. ఆ మర్యాద ఇరువది నాలుగు గంటలకూ వ్యాపించి, పెద్దలను ఆ కుర్చీకే కట్టివేస్తున్నది.

కూర్చోబెట్టడం వల్ల కలిగే నష్టం ఎంతటిదో 2007లో ప్రకటితమైన ఒక అమెరికా పరిశోధన తెలిపినది. ఆరోగ్యంగా ఉన్న వృద్ధులను పది రోజులపాటు మంచం దిగనీయకుండా ఉంచినారు. ఆ పది రోజులకే వారి కాళ్లలోని కండ సుమారు ఒక కిలో తరిగినది. ఆసుపత్రిలో గాని ఇంట్లో గాని "విశ్రాంతి" పేరిట పెద్దలను పడుకోబెట్టేవారు ఈ లెక్క గుర్తుంచుకోదగినది.

కండ ఉన్నదో లేదో తెలుసుకోవడానికి యంత్రాలతో పని లేదు. ఆసియా దేశాల నిపుణులు 2019లో ఒక సులభమైన పరీక్ష చెప్పినారు. చేతులు గుండెమీద కట్టుకొని కుర్చీలో నుండి అయిదుసార్లు లేచి కూర్చోవలెను. దానికి 12 సెకండ్లు లేక అంతకుమించి పడితే కాళ్లలో బలం తగ్గుతున్నదని అర్థం. ఆ పరీక్షయే వ్యాయామం కూడ. మొదట చేతులు ఆనించి, తరువాత ఆనించకుండా, రోజుకు కొన్నిసార్లు లేవడం, కూర్చోవడం. గోడకు చేతులు ఆనించి నెట్టడం. కిటికీ కమ్మీ పట్టుకొని మునివేళ్లమీద లేవడం. రెండు నీళ్ల సీసాలు చేతబట్టి ఎత్తడం. సులభమనిపించగానే కొంచెం పెంచడం. వారానికి కనీసం రెండు రోజులు కండకు బలమిచ్చే వ్యాయామం, మూడు రోజులు తూలిపడకుండా నిలబడే సాధన ఉండవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించినది. సాయంకాలపు షికారు గుండెకు మంచిదే గాని కండకు అది ఒక్కటే చాలదు. గుండెజబ్బు, కీళ్లజబ్బు ఉన్నవారు వైద్యుని అడిగి మొదలుపెట్టవలెను.

నిండు నూరేళ్లు బ్రతకమని దీవించే జాతి మనది. ఆ నూరేళ్లలో చివరి పాతిక కుర్చీలోనే గడవవలెనని ఎవరూ కోరరు. బిడ్డలు పంపిన డబ్బా ప్రేమకు గుర్తు, దానిని పారవేయనక్కరలేదు. వైద్యుడు సరేనంటే అదీ ఇవ్వవచ్చును. దానితోపాటు పెసరట్టు కూడ కంచంలోకి రావలెను, పప్పు మాననీయరాదు. అన్నిటికంటె ముఖ్యంగా, పెద్దాయన మంచినీళ్లకు లేచినప్పుడు చేయవలసినది ఒకటి ఉన్నది. చెంబుతో ఎదురు పరుగెత్తక, ఆయన లేచి, నడిచి, తానే ముంచుకొని త్రాగేవరకు ప్రక్కన నిలబడి ఓపిక పట్టడం. తూలితే పట్టుకొనేంత దగ్గరగా ఉండవలెను. తూలనంతవరకు చేయి చాచకూడదు. కుర్చీ ఇవ్వడం ఎంత మర్యాదయో, ఇదీ అంత మర్యాదయే.